ఒక కాగితం మీద ఎన్ని పుటలు?

ఈ శీర్షిక చదివే వారిలో ముగ్గురు నలుగురు ఈ మధ్య నన్ను ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు. "కంప్యూటరులో అరవై పుటల పుస్తకం ఉన్నది. అచ్చు తీస్తే అరవై కాగితాలు అవుతున్నవి. ఒక్కొక్క కాగితం మీద రెండేసి, నాలుగేసి పుటలు వచ్చేట్టు చేయడానికి సులువైన ఉపాయం ఏదైనా ఉన్నదా?" అని. ఉపాయం ఉన్నది. ఒకే ఒక వరుసలో వ్రాసే ఆజ్ఞతో పని జరిగిపోతుంది. అయితే ఆ ఆజ్ఞ చెప్పి ఊరుకుంటే సగం సంగతే చెప్పినట్లవుతుంది. ఎన్ని పుటలు పట్టించవచ్చుననేది యంత్రం చెబుతుంది. ఎన్ని పట్టిస్తే మనిషి చదువగలడనేది మనం చూచుకోవలసిన సంగతి.

మన నిడుగల్లు వంటి చోట ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన అవసరం ఉన్నది. పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర దేశమే; పరిపాలన మాత్రం తుమకూరు జిల్లాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో కన్నడమూ ఇంగ్లీషూ. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుదామంటే బడిపుస్తకాలు లేవు. ఎవరో దూరపు బంధువులు పంపిన ఫైలునో, ఇంటర్నెట్టులో దొరికిన పాత పుస్తకాన్నో మనమే అచ్చు తీసుకోవలె. పట్నంలో ఉన్నవారికి ఒక రీము కాగితం లెక్కలోనిది కాకపోవచ్చును. మనకు అది లెక్కలోనిదే.

ముందుగా మూడు మాటలు విడదీసి చూద్దాం. కన్నడంలో హాళె అనేది కాగితం. దానికి రెండు వైపులు. ఆ వైపు మీద అచ్చయ్యేది పుట. ఒక వైపున ఒకే పుట ఉండవలెనన్న నియమం ఏమీ లేదు. ఆధార్ కార్డు ముందువైపూ వెనుకవైపూ ఒకే కాగితం మీద జిరాక్సు తీయించడం మనందరికీ తెలిసినదే గదా! అదే పని పుస్తకానికి చేయడమే ఈనాటి విషయం.

ఇది కంప్యూటరు వచ్చాక పుట్టిన విద్య కూడ కాదు. అచ్చు యంత్రం ఉన్నప్పటినుంచీ ఉన్నది. అచ్చాఫీసులలో పెద్ద కాగితం మీద ఒకవైపున ఎనిమిది పుటలు, రెండవవైపున ఎనిమిది పుటలు అచ్చువేసి, దాన్ని మూడుసార్లు మడిచి, అంచులు కోస్తే పదహారు పుటల ఫారం వస్తుంది. అలాంటి ఫారాలను వరుసగా కుట్టితే పుస్తకం. మడిచినప్పుడు పుటలు సరైన వరుసలో రావడానికి అచ్చులో కొన్ని తలక్రిందులుగా, కొన్ని వెనుకా ముందుగా పేర్చవలె. ఆ పేర్పు తెలిసిన పనివాడికి అచ్చాఫీసులో మర్యాద ఉండేది. ఇప్పుడు ఆ పేర్పును యంత్రమే చేస్తుంది.

మనం వాడే ఏ4 కాగితంలోనే ఒక చమత్కారం ఉన్నది. దాని వెడల్పు 210, పొడవు 297 మిల్లీమీటర్లు. పొడవును సగానికి మడిస్తే వచ్చే చిన్న కాగితం, అనగా ఏ5, ఆకారంలో అచ్చంగా తల్లి కాగితం లాగానే ఉంటుంది, కొలత మాత్రం తక్కువ. అన్ని కాగితాలూ ఇట్లా ఉండవు. పొడవు వెడల్పుకు రెండు యొక్క వర్గమూలమంత రెట్లు, అనగా సుమారు 1.414 రెట్లు, ఉంటేనే ఇది సాధ్యం. ఈ ఊహను 1786లో లిష్టెన్‌బెర్గ్ అనే జర్మను పండితుడు ఒక ఉత్తరంలో వ్రాశాడు. 1922లో వాల్టర్ పోర్‌స్ట్‌మన్ దాన్ని జర్మనీ దేశపు కొలతగా రూపొందించాడు. 1975లో అది అంతర్జాతీయ ప్రమాణమయింది. అందువల్లనే ఏ4 పుటలు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒక్కొక్కదాన్ని నూటికి 71 వంతులకు తగ్గిస్తే, అడ్డంగా తిప్పిన ఒక ఏ4 కాగితం మీద అంచుకు అంచు సరిపోతవి. నాలుగు పుటలయితే నూటికి 50 వంతులు. తొమ్మిదయితే 33. పదహారయితే 25.

ఇక లెక్క చూడండి. 64 పుటల చిన్న పుస్తకం అనుకొందాం. ఒక్కొక్క వైపే అచ్చు తీస్తే 64 కాగితాలు. రెండు వైపులా తీస్తే 32. వైపుకు రెండు పుటల చొప్పున రెండు వైపులా తీస్తే 16. వైపుకు నాలుగు చొప్పున తీస్తే 8. మొదటి మెట్టులో మిగిలినవి 32 కాగితాలు, రెండవ మెట్టులో 16, మూడవ మెట్టులో 8. చదరపు మీటరుకు 80 గ్రాముల రకం ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు తూగుతుంది. అనగా ఆ మూడవ మెట్టు మిగిల్చేది 40 గ్రాముల కాగితం.

మరి అక్షరం సంగతి? మొదటి మెట్టులో, అనగా కాగితం రెండవవైపు వాడుకొన్నప్పుడు, అక్షరం వెంట్రుకవాసి కూడ తగ్గలేదు. రెండవ మెట్టులో 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లయింది. మూడవ మెట్టులో 6 పాయింట్లయింది. 6 పాయింట్లంటే అక్షరానికి దొరికే ఎత్తు మొత్తం రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మెట్టు మెట్టుకూ మిగిలే కాగితం సగానికి సగం తగ్గుతూ వస్తున్నది. కంటికి పడే బరువు మాత్రం పెరుగుతూ పోతున్నది. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అన్నారు. పుటలు ఎక్కువైనా అంతే.

ఈ విషయంలో మన దేశపు సుప్రీం కోర్టు చేసిన పని గమనింపదగినది. వాదులూ ప్రతివాదులూ దాఖలు చేసే కాగితాలు 2020 ఏప్రిల్ 1వ తేదీనుంచి ఏ4 కొలతలో, రెండు వైపులా అచ్చు వేసి ఇవ్వవలెనని నిర్ణయించింది. అదే ఉత్తర్వులో అక్షరం 14 పాయింట్లు ఉండవలెననీ, పంక్తుల మధ్య ఒకటిన్నర ఎడం ఉండవలెననీ చెప్పింది. కాగితం మిగల్చాలన్నవారు వెనుకవైపును వాడుకొమ్మన్నారే గాని, అక్షరాన్ని నలిపివేయమనలేదు. ఇంతకన్న మంచి పాఠం మనకు అక్కరలేదు.

ఇక ఆజ్ఞ దగ్గరకు వద్దాం. మౌసుతో నొక్కి అచ్చు తీసే కిటికీలో కూడ "ఒక షీటుకు ఎన్ని పుటలు" అని అడిగే చోటు ఉంటుంది. విండోస్ కంప్యూటరు ఉన్నవారు దాన్నే వాడుకోవచ్చును. లైనక్స్ గాని, ఆపిల్ వారి మాక్ గాని ఉన్నవారికి కప్స్ అనే అచ్చు వ్యవస్థ దానిలోనే ఉంటుంది. ఇది 1999లో మైకేల్ స్వీట్ అనే ఆయన సంస్థనుంచి వెలువడినది. తర్వాత 2007లో ఆపిల్ కంపెనీ తీసుకొన్నది. దీనికి టెర్మినల్ అనే నల్లని కిటికీలో ఆజ్ఞ వ్రాసి ఇవ్వవచ్చును. కిటికీలూ బొమ్మలూ ఉండగా ఈ వ్రాత ఎందుకని కొందరికి తోచవచ్చును. కారణం చాల సామాన్యమయినది. బెంగుళూరులో ఉద్యోగం చేసుకొంటున్న కొడుకు ఫోనులో "అక్కడ నొక్కు నాయనా, కాదు, దాని క్రింద, ఇంకా క్రింద" అని చెప్పలేక అవస్థపడతాడు. వ్రాత ఆజ్ఞ అయితే అక్షరం అక్షరం చెబుతాడు. తండ్రి చీటీ మీద వ్రాసుకొని గోడకు అంటించుకొంటాడు. మరునాడు అదే చీటీ చూచి కోడలు గూడ పని చేసికొంటుంది.

ఆ చీటీ మీద వ్రాసుకోవలసినది ఇది. అంతా ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే వ్రాయవలె. మొదట ఎల్, పీ అనే రెండు అక్షరాలు కలిపి. తర్వాత ఖాళీ. తర్వాత అడ్డగీత, దాని వెంటనే ఓ అక్షరం. మళ్ళీ ఖాళీ. తర్వాత నంబర్ అనే మాట, అడ్డగీత, అప్ అనే మాట, సమానం గుర్తు, 2 అంకె, వీటి మధ్య ఎక్కడా ఖాళీ లేకుండా. మళ్ళీ ఖాళీ. చివరకు ఫైలు పేరు. ఎంటర్ నొక్కితే వైపుకు రెండు పుటలు వస్తవి. 2కు బదులు 4, 6, 9, 16 వ్రాయవచ్చును. 3, 5 వంటివి చెల్లవు.

రెండు వైపులా అచ్చు కావలెనంటే ఫైలు పేరుకు ముందు ఇంకొక అడ్డగీత-ఓ చేర్చి, ఖాళీ వదలి, సైడ్స్ అని వ్రాసి, సమానం గుర్తు పెట్టి, టూ-సైడెడ్-లాంగ్-ఎడ్జ్ అని వ్రాయవలె. ఇది కాగితాన్ని పొడవు అంచు దగ్గర, పుస్తకం లాగా, త్రిప్పి చదివే పద్ధతి. కాగితాన్ని అడ్డంగా పెట్టి వైపుకు రెండు పుటలు వేసినప్పుడు మాత్రం లాంగ్‌కు బదులు షార్ట్ అని వ్రాస్తే వెనుకవైపు తలక్రిందులు కాకుండా వస్తుంది. మీ యంత్రం రెండు వైపులా తనంతట తాను అచ్చువేసే రకమైతేనే ఇది పనిచేస్తుంది. లేకపోతే ముందువైపులన్నీ తీసి, కట్టను త్రిప్పి పెట్టి, వెనుకవైపులు తీయవలె. ప్రతి పుట చుట్టూ సన్నని గీత కావలెనంటే పేజ్-బోర్డర్ సమానం సింగిల్ అని చేర్చవచ్చును. పిల్లలకు ఏ పుట ఎక్కడ ముగిసిందో తెలియడానికి ఆ గీత మంచిది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తెలియకపోతే కాగితం దండుగ. పుస్తకంలో కొన్ని పుటలే కావలెనంటే అడ్డగీత, పెద్ద పీ అక్షరం, ఖాళీ, ఆపైన 1-4 అని వ్రాస్తారు. వైపుకు ఒక పుట ఉన్నప్పుడు 1 నుంచి 4 వరకు నాలుగు పుటలే వస్తవి. వైపుకు రెండు పుటలు అడిగినప్పుడు మాత్రం ఆ లెక్క అసలు పుస్తకపు పుటలది కాదు, అచ్చయి బయటకు వచ్చే వైపులది. కప్స్ వారి సూచనలలోనే ఈ మాట ఉన్నది. అనగా 1-4 అంటే ఎనిమిది పుటలు వస్తవి. ఇది ముందే తెలిసికొని అడగవలె.

కాగితం మీద పెట్టకముందే కంటితో చూచుకోవలెననే జాగ్రత్తపరులకు పీడీఎఫ్‌జామ్ అనే మరొక పనిముట్టు ఉన్నది. డేవిడ్ ఫర్త్ అనే ఆచార్యుడు వ్రాసి ఉచితంగా ఇచ్చినది. ఇది అచ్చు వేయదు. పుటలను పేర్చి కొత్త ఫైలు తయారుచేసి పెడుతుంది. ఆజ్ఞలో మొదట పీడీఎఫ్‌జామ్ అని, తర్వాత రెండు అడ్డగీతలు కలిపి ఎన్-అప్ (ఈ చోట మధ్యలో గీత లేకుండా ఎన్, యూ, పీ అక్షరాలు), ఖాళీ, 2ఎక్స్1 అని, మళ్ళీ రెండు అడ్డగీతలు, లాండ్‌స్కేప్ అని, చివర ఫైలు పేరు వ్రాయవలె. ఫైలు పేరు తర్వాత 41-56 అని పుటల లెక్క ఇస్తే, అది అసలు పుస్తకపు పుటల లెక్కే. పైన చెప్పిన చిక్కు దీనికి లేదు. తయారైన ఫైలును తెరచి చూచి, బాగుంటే అచ్చుకు పంపవచ్చును, బాగులేకపోతే చెరిపివేయవచ్చును. ఖర్చు సున్న.

దీనికి మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. నిడుగల్లు కొండను ఏలిన చోళవంశపు రాజుల శాసనాలను గురించి మన పెద్దలు కథలుగా చెప్పుకొంటారు. వాటి మూలం చదువవలెనంటే బి. ఎల్. రైస్ దొర 1904లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పన్నెండవ సంపుటం చూడవలె. అది తుమకూరు జిల్లా శాసనాల సంపుటం. పావగడ తాలూకా శాసనాలు అందులోనివే. ఆ పుస్తకం నేడు ఇంటర్నెట్టులో ఉచితంగా చదువుకోను దొరుకుతున్నది. మొత్తం అచ్చు తీయడం దండుగ. మన తాలూకాకు చెందిన పుటలు ఏవో చూచుకొని, వాటిని మాత్రం పీడీఎఫ్‌జామ్‌తో రెండేసిగా పేర్చి, రెండు వైపులా తీస్తే కొద్ది కాగితాలలో ఒక ఇంటికి తన ఊరి చరిత్ర దక్కుతుంది. ఇటువంటి చోట రెండేసి పుటలు న్యాయమయిన పొదుపు.

న్యాయం కానిది ఏమిటో కూడ చెప్పవలె. ఒక పల్లెనుంచి వచ్చిన అవ్వ ఒకామె తన భూమి కాగితాల నకళ్లు నా చేతికి ఇచ్చింది. ఎవరో ఒక దుకాణంలో నాలుగు పుటలు ఒక వైపున కుదించి తీసిచ్చారు. "ఏం నాయనా, అక్షరాలా ఇవి? చీమలు పారినట్టుండాయే!" అన్నది. ఆమె కంటికే కాదు, అద్దాలు పెట్టుకొన్న నా కంటికీ సర్వే నంబరులో ఉన్నది 3 అంకెయో 8 అంకెయో తెలియలేదు. "అవ్వా, అసలు కాగితం ఇంట్లో ఉంటే అది తెచ్చుకో, దీనితో పని కాదు" అని చెప్పి పంపవలసి వచ్చింది. ఆమెకు ఒక దినం కూలీ, బస్సు చార్జీ పోయినవి. మిగిలిన కాగితం విలువ వాటిలో ఏ మూలకు?

పహణీ, క్రయపత్రం, కౌలుపత్రం వంటివి ఎన్నడూ కుదించరాదు. మన తాలూకాలో తిరుమణి ప్రాంతపు ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలు సౌరవిద్యుత్తు పార్కు క్రిందకు వెళ్ళినవి. ఆ భూమి అమ్మకం కాదు, రైతులు దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చినది. ఎకరాకు సంవత్సరానికి 21,000 రూపాయలతో మొదలై, కొన్నేండ్లకొకసారి కొంత పెరిగేట్టు ఏర్పాటు. అటువంటి పత్రాన్ని ఈనాడు సంతకం పెట్టిన తండ్రి గాక, రేపు కొడుకు, ఎల్లుండి మనుమడు తీసి చదువవలె. అందులో ఒక షరతు, ఒక అంకె, ఒక తేదీ స్పష్టంగా కనపడడం ఆ ఇంటి అన్నం సంగతి. ఇంట్లో దాచుకొనే నకలు గూడ వైపుకు ఒకే పుటగా తీయించండి. కాగితం మిగల్చవలెననుకొంటే రెండు వైపులా తీయించండి, చాలు.

తెలుగు అక్షరానికి ఇంకొక ఇబ్బంది ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలు వరుసగా ప్రక్కప్రక్కన నడుస్తవి. మనవి మేడలు కడతవి. "రాష్ట్రం", "స్త్రీ" అనే మాటలలో అక్షరం క్రింద ఒత్తు, ఒత్తు ప్రక్కన మరొక ఒత్తు. "ద"కూ "ధ"కూ తేడా క్రిందనున్న చిన్న గీత. "ధ"కూ "థ"కూ తేడా కడుపులో ఒక చుక్క. "ప"కు గీత చేరితే "ఫ". ఇంగ్లీషు 6 పాయింట్లలో కష్టపడి చదువవచ్చును. తెలుగు, కన్నడం 6 పాయింట్లలో చుక్కా గీతా కలిసిపోయి మసక అవుతవి. పెద్దవారు సందర్భాన్ని బట్టి ఊహించి చదువుతారు. ఇంట్లో తెలుగు నేర్చుకొంటున్న పిల్లవాడు ఏది చూచి ఊహిస్తాడు? వాడు చూచిందే అక్షరం. వాడికి ధకారం దకారంగా కనపడితే ఆ తప్పు వాడిది కాదు, కాగితం మిగిల్చిన మనది. మన పిల్లలకు తెలుగు అక్షరం కనపడే చోట్లే తక్కువ. కనపడిన చోట గూడ మసకగా కనపడితే ఇక నేర్చేదెట్లా?

అందుచేత పుస్తకం మీరే తయారుచేసేటట్లయితే ఒక పద్ధతి పాటించండి. మొదటినుంచే పుటను ఏ4 కాక ఏ5 కొలతలో పెట్టి, అక్షరాన్ని 12 లేక 14 పాయింట్లలో కూర్చండి. అప్పుడు రెండు పుటలు ఒక ఏ4 కాగితం మీద ఏమాత్రం కుదించకుండానే సరిపోతవి. కాగితమూ మిగిలింది, కన్నూ మిగిలింది. ఇతరులు ఏ4లో పంపిన ఫైలయితే దాని చుట్టూ ఉన్న వెడల్పయిన ఖాళీలను పీడీఎఫ్‌క్రాప్ అనే పనిముట్టుతో ముందుగా కత్తిరించి, తర్వాత రెండేసిగా పేర్చండి. ఖాళీ తగ్గినంత మేరకు అక్షరం పెద్దదవుతుంది. ఏదయినా సరే, అచ్చుకు పంపేముందు పీడీఎఫ్ చేసికొని పంపడం మంచిది. లేకపోతే ఒక యంత్రంలో చక్కగా ఉన్న ఒత్తులు ఇంకొక యంత్రంలో విడిపోవచ్చును.

మధ్యలో కుట్టు వేసే చిన్న పుస్తకం కావలెనంటే పీడీఎఫ్‌జామ్‌కే బుక్‌లెట్ అనే ఆజ్ఞ ఉన్నది. రెండు అడ్డగీతలు, బుక్‌లెట్, ఖాళీ, ట్రూ అని వ్రాసి, లాండ్‌స్కేప్ అని చేర్చవలె. పదహారు పుటల పుస్తకమయితే నాలుగు కాగితాలు చాలు. పైకాగితం మీద ఒక వైపున 16, 1 పుటలు, వెనుకవైపున 2, 15 పుటలు పడతవి. ప్రక్కప్రక్కన పడిన రెండు పుటల అంకెలు ఎక్కడ కూడినా 17 వస్తుంది. అట్లా వస్తే పేర్పు సరిగ్గా ఉన్నట్లే. ఈ లెక్కను పిల్లలచేత చేయిస్తే వారికి ఆటగానూ ఉంటుంది. పుటల సంఖ్య నాలుగుచేత భాగింపబడవలె. తక్కువైతే చివర ఖాళీ పుటలు వస్తవి. అక్కడ పిల్లవాడి పేరు, ఊరిపేరు తెలుగులో వాడిచేతనే వ్రాయించండి.

మొత్తం మీద గుర్తుంచుకోవలసినవి నాలుగు మాటలు. మొదట కాగితం వెనుకవైపు వాడండి. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. తర్వాత, చదివే పుస్తకాలకు వైపుకు రెండు పుటల వరకు వెళ్ళండి. నాలుగు పుటలు అనేది పుటల వరుస సరిచూచుకోవడానికే. ఆస్తి పత్రాలకూ, అక్షరాలు నేర్చేవారి పుస్తకాలకూ, ముసలివారు చదివేవాటికీ కుదింపు అసలే వద్దు. తీసిన మొదటి కాగితాన్ని మీరు చూచి తృప్తిపడకుండా, ఇంట్లో అందరికన్న పెద్దవారి చేతికి ఇచ్చి చదువుమనండి. వారు తడుముకోకుండా ఒక పేరా చదివితే మిగతా కాగితాలు తీయండి. తడుముకొంటే ఆజ్ఞలోని అంకె ఒక మెట్టు తగ్గించండి.